బిడ్డ ఇల్లు విడిచిపోకముందే

(ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, వారి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు హాజరైన సభలో 2025 డిసెంబరులో వరంగల్‌లో చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, ఆశా కార్యకర్తలకు, మహిళా సంఘాల సభ్యులకు, ఈ సభ జరగడానికి నెల రోజులుగా ఇల్లిల్లూ తిరిగిన ట్రాన్స్‌జెండర్ మిత్రులకు నమస్కారం.

నేను న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా, అంటే చట్టం విషయంలో జనానికి సాయపడే కార్యకర్తగా పనిచేస్తున్నాను. మా బల్ల దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఇల్లు విడిచి ఏళ్లు గడిచినవారే. పింఛను కావాలనో, గుర్తింపు కార్డు రాలేదనో, ఇంటి ఓనరు సామాను బయట పెట్టించాడనో వస్తారు. వాళ్లకు చేయవలసిన సహాయం చేస్తూనే ఉన్నాం, ఇంకా చేయవలసింది చాలా ఉంది. అయితే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు అండగా నిలవడం అని మనం అనుకునే పని దాదాపు అంతా వాళ్లు గడప దాటిపోయిన తర్వాతే మొదలవుతోంది. బిడ్డ ఇంకా ఇంట్లో ఉండగా, ఎనిమిదో తరగతో తొమ్మిదో తరగతో చదువుతూ ఉండగా, ఆ తల్లికీ తండ్రికీ వాడకట్టు తోడుగా నిలబడితే, తర్వాత మనం తీర్చలేక తల్లడిల్లే కష్టాల్లో సగం అసలు పుట్టవు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

2011 జనాభా లెక్కల్లో తొలిసారి స్త్రీ, పురుషుడు కాక ఇతరులు అని నమోదు చేసుకునే వీలు కలిగింది. దేశం మొత్తం మీద 4,87,803 మంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది ఆ గడిలో నమోదయ్యారు. పేరు చెప్పుకోవడానికి భయపడినవారు ఎందరో ఉంటారు కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే ఉండాలి. నన్ను ఆలోచింపజేసిన అంకె మాత్రం వేరే ఉంది. ఆ 4,87,803 మందిలో ఆరేళ్ల వరకు వయసున్న పిల్లలు 54,854 మంది. ఆ వయసు పిల్లల వివరాలు ఎన్యుమరేటరుకు చెప్పేది ఇంట్లోని పెద్దలే కదా. వారిలో పుట్టుకతోనే శరీర నిర్మాణంలో భేదం ఉన్న ఇంటర్‌సెక్స్ పిల్లలూ ఉండవచ్చు. ఏమైనా, అన్ని వేల ఇళ్లలో పెద్దవాళ్లు గుమ్మంలో నిలబడి, ప్రభుత్వ ఉద్యోగికి, తమ బిడ్డ ఆడా మగా అన్న రెండు గడుల్లో ఇమడదని చెప్పారు. తల్లిదండ్రులు ఒప్పుకోరు, మన సమాజంలో అది జరిగే పని కాదు అనేవారికి నేను ఈ అంకె చూపిస్తుంటాను. ఒప్పుకునేవారు ఉన్నారు. ఒప్పుకున్న తర్వాత వారికి దొరకనిది తోడు.

ఇంట్లో సంగతి బయటపడినప్పుడు ఏం జరుగుతుందో ఇక్కడున్న చాలామందికి తెలుసు. జుట్టు పెంచుకున్న పిల్లవాణ్ని తండ్రి మంగలి దుకాణానికి ఈడ్చుకుపోతాడు. తల్లి గుడికీ దర్గాకూ తిప్పి తాయెత్తు కట్టిస్తుంది. ఎవరో గాలి సోకిందంటే భూతవైద్యుడి దగ్గరికి, ఇంకెవరో మతి చెడిందంటే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళతారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది జబ్బు కాదు, మందులతోనో కరెంటు షాకులతోనో మార్చేది కాదు. 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు, ఒకరినొకరు ప్రేమించి ఇళ్ల నుంచి పారిపోయి వచ్చిన ఇద్దరు యువతుల కేసు విచారిస్తూ, ఇటువంటి ‘మార్చే వైద్యం’ చేసే డాక్టర్లపై చర్య తీసుకోవాలన్నది. మరుసటి ఏడాది జాతీయ వైద్య కమిషన్ దానిని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. కాబట్టి ఏ డాక్టరైనా మీ బిడ్డను మార్చేస్తానని డబ్బు తీసుకుంటే ఆ డాక్టరుపై ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. ఆ కేసులోని న్యాయమూర్తి జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఈ విషయం తనకు తెలియదని ఒప్పుకొని, తీర్పు రాయడానికి ముందు ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. నేర్చుకోవడానికి హైకోర్టు న్యాయమూర్తికి లేని నామోషీ మనకెందుకు?

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైన మందు ఒకటుంది, అది పెళ్లి. ‘పెళ్లి చేస్తే కుదురుకుంటాడు’ అని చుట్టాలందరూ కలిసి చెప్పే సలహా వల్ల రెండు బతుకులు పాడవుతాయి. తనను ఆడమనిషిగా ఎరిగిన వ్యక్తి భర్త పాత్ర మోయలేక ఎప్పుడో ఒక రాత్రి ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. ఏ తప్పూ చేయని ఆ పెళ్లికూతురు పుట్టింట్లో నిందలు పడుతూ మిగిలిపోతుంది. పెళ్లి చూపుల మాట ఎత్తిన కుటుంబానికి ఈ సంగతి చెప్పగలిగేది దగ్గరి మనుషులే: మేనమామ, పెద్దమ్మ, పక్కింటి టీచరమ్మ. కోర్టు కాగితం ఆ ఇంటికి చేరేసరికి మూడు ముళ్లూ పడిపోయి ఉంటాయి.

నాకు అర్థమైనంతవరకు, బిడ్డను వెళ్లగొట్టే తల్లిదండ్రులలో చాలామందికి బిడ్డ మీద ద్వేషం లేదు. నలుగురు ఏమనుకుంటారో అన్న భయం ఉంది, చెల్లెలి పెళ్లి ఆగిపోతుందన్న భయం ఉంది, కుల పెద్దల పంచాయితీలో తలదించుకోవాలన్న భయం ఉంది. ఆ మధ్య ఒక తల్లి మా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు నలిగిన రేషన్ కార్డు ప్రతి, పదో తరగతి మెమో. బిడ్డ హైదరాబాదులో జమాత్‌లో, అంటే హిజ్రాలు ఒక గురువు నీడన కలిసి బతికే సమూహంలో చేరి రెండేళ్లయింది. ‘రేషన్ కార్డుల పేరు తీసెయ్యమంటున్రు మా మరిదోళ్లు. పేరు తీస్తే నా బిడ్డ ఇగ ఇంటికి రాదు మేడం’ అన్నది. మెమోలో ఉన్న పాత పేరుతో కాక, బిడ్డ పెట్టుకున్న కొత్త పేరుతోనే ఆమె మాట్లాడింది. మధ్యలో ఒకసారి పాత పేరు వస్తే తనే ఆగి సరిచేసుకున్నది. ఆమెకు చట్టం తెలియదు, ఇంగ్లిషు మాటలు తెలియవు. ఆ తల్లి పక్కన ఆ రోజు ఊరి నుంచి ఒక్క మనిషైనా వచ్చి నిలబడి ఉండవలసింది. ఒక్కరూ రాలేదు.

ఆమె అడిగినదానికి చట్టంలో జవాబు ఉంది. 2020 జనవరి 10 నుంచి అమలులోకి వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం (2019) 12వ సెక్షను ప్రకారం, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో ఏ బిడ్డనూ కోర్టు ఉత్తర్వు లేకుండా తల్లిదండ్రుల నుంచి వేరుచేయకూడదు. తల్లిదండ్రులు, దగ్గరి కుటుంబ సభ్యులు ఉండే ఇంట్లో ఉండటానికీ, ఆ ఇంటి వసతులు అందరిలాగా వాడుకోవడానికీ ఆ వ్యక్తికి హక్కు ఉంది. ఇంటి నుంచి గాని, ఊరి నుంచి గాని బలవంతంగా వెళ్లగొట్టడం 18వ సెక్షను కింద నేరం. ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు శిక్ష పడుతుంది. ఇక ఆస్తి సంగతి. ‘నువ్వు కొడుకువి కాదంటున్నావు కదా, వాటా ఎక్కడిది’ అని అన్నదమ్ములు వాదించడం పంచాయితీల్లో ఎన్నోసార్లు విన్నాను. హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాల్లో 2005 సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కొడుక్కూ కూతురికీ సమాన వాటా ఉంది. కొడుకుగా చూసినా కూతురుగా చూసినా వాటా మారనప్పుడు, ఆ వాదనకు కాలూ లేదు చేయీ లేదు. పెద్దమనుషులుగా కూర్చునేవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలా ఇళ్లలో గొడవ ఆ పూటే తెగిపోతుంది.

పోలీసులంటే ఈ వర్గానికి ఉన్న భయం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. నిజాం పాలనలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. వారి పేర్లు, ఇళ్ల చిరునామాలు రిజిస్టరులో ఎక్కించాలి. రిజిస్టరులో ఉన్న వ్యక్తి చీర కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల వరకు జైల్లో పెట్టవచ్చు. నిజాం పోయాడు, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగిలి తదితరులు 2018లో హైకోర్టుకు వెళితే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. వందేళ్లకు పైగా మన నేల మీద చీర కట్టుకోవడం ఒకరికి నేరంగా ఉండిందన్నమాట. అటువంటి చరిత్ర ఉన్నచోట, ఇంట్లో దెబ్బలు తిన్న పిల్ల పోలీసు స్టేషనుకు వెళ్లి చెప్పుకుంటుందని ఆశించలేం. అందుకే తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం 2022లో ఈ వర్గం కోసం ‘ప్రైడ్ ప్లేస్’ పేరిట ప్రత్యేక విభాగం పెట్టడాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. అక్కడికి వెళ్లేటప్పుడు వెంట ఒక మనిషి ఉంటేనే అది ఉపయోగపడుతుందని కూడా చెబుతాను.

ఇల్లు వదిలిన బిడ్డకు మొదటి పూట అన్నం పెట్టింది ఎవరు? జమాత్. గురువు చేలాను, అంటే శిష్యురాలిని, తన బిడ్డగా స్వీకరిస్తుంది. గురువుకు గురువు నాని, అంటే అమ్మమ్మ అవుతుంది. తోటి చేలాలు అక్కచెల్లెళ్లవుతారు. జ్వరమొస్తే చూసుకునేది వాళ్లే, కన్నుమూస్తే దుఃఖించేది వాళ్లే. ఆ వ్యవస్థలోనూ బరువులు ఉన్నాయి. సంపాదనలో వాటా ఇవ్వాలి, వదిలి వెళ్లాలంటే జరిమానా కట్టాలి, చదువుకోవాలనుకునే చిన్నవయసు చేలాకు అక్కడ దారి దొరకకపోవచ్చు. వాటిని గురించి జమాత్‌లోని వారే లోపల మాట్లాడుకుంటున్నారు, మార్చుకుంటున్నారు. కన్నవాళ్లం, ఊరివాళ్లం తలుపులు వేసుకున్న చోట తలుపు తీసినవాళ్లను వేలెత్తి చూపే అర్హత మనకు లేదని నా అభిప్రాయం. దుకాణాల దగ్గర, సిగ్నళ్ల దగ్గర చేయి చాచడం చూసి విసుక్కునేవారు, ఆ చేతికి పని ఇస్తామన్నవారు ఎందరో ఒక్కసారి లెక్కపెట్టుకోవాలి. గత ఏడాది డిసెంబరులో హైదరాబాదులో 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా విధుల్లో చేరారు. ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ వైద్యులుగా నియమితులయ్యారు. పని ఇస్తే చేస్తారా అన్న ప్రశ్నకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ట్రాన్స్ పురుషుల గురించి విడిగా మాట్లాడాలి, ఎందుకంటే సభల్లో వారి మాట దాదాపు రాదు. ఆడపిల్లగా పెంచిన బిడ్డ తాను మగవాణ్నని చెప్పినప్పుడు ఆ ఇంట్లో జరిగేది బయటికి కనిపించదు. వెళ్లగొట్టరు, లోపలే బంధిస్తారు. ఫోను లాక్కుంటారు, కాలేజీ మాన్పిస్తారు, మేనబావతో ముహూర్తం పెడతారు. ఇల్లు దాటగలిగితే కన్నవాళ్లు ‘అమ్మాయి కనబడటం లేదు’ అని కేసు పెడతారు. దొరికాక మేజరా మైనరా అని కూడా చూడకుండా తిరిగి అదే ఇంట్లో అప్పగించిన సందర్భాలు ఉన్నాయి. ట్రాన్స్ మహిళకు జమాత్ అనే రెండో ఇల్లు ఒకటి ఉంది. ట్రాన్స్ పురుషుడికి అటువంటి తరతరాల ఆసరా ఏదీ లేదు. ఉన్నదల్లా నగరాల్లో ముగ్గురో నలుగురో కలిసి తీసుకున్న ఒక అద్దె గది. పద్దెనిమిదేళ్లు నిండిన వ్యక్తి ఎక్కడ ఉండాలన్నది ఆ వ్యక్తి నిర్ణయమే. స్టేషనులో వాంగ్మూలం ఇచ్చే రోజున ఒక న్యాయవాదినో, పారా లీగల్ వాలంటీరునో వెంట పంపగలిగితే ఆ నిర్ణయం నిలుస్తుంది. మా సంస్థ ఆ సహాయం ఉచితంగా చేస్తుంది.

ఇక్కడున్న ఉపాధ్యాయులకు ఒక విన్నపం. బడి మానేయడం మూత్రశాల దగ్గర మొదలవుతుంది. మగపిల్లల వైపు వెళితే ఏడిపిస్తారు, ఆడపిల్లల వైపు వెళ్లనివ్వరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా కూర్చున్న పిల్లకు పాఠం ఏం ఎక్కుతుంది? సిబ్బంది గది తాళం ఒకటి ఆ బిడ్డకు ఇవ్వడానికి ఏ జీవో అక్కర్లేదు, ప్రధానోపాధ్యాయుడి మాట చాలు. హాజరు పిలిచేటప్పుడు ఇంటిపేరుతో పిలిచినా కొంత ఊరట. తోటి పిల్లలు వెక్కిరించినప్పుడు టీచరు నవ్వకుండా ఉండటం అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే పిల్లలు చూసేది టీచరు ముఖమే.

గుర్తింపు ధ్రువపత్రం గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి అదీ చెబుతాను. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం ఉన్న జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు చేసి, తన గుర్తింపు ఏమిటో స్వయంగా ప్రకటిస్తూ అఫిడవిట్ జతచేయాలి. 2025 డిసెంబరు నాటికి అమలులో ఉన్న 2020 నిబంధనల ప్రకారం దీనికి ఏ వైద్య పరీక్షా అవసరం లేదు. శరీరం చూపించమని ఏ గుమస్తా అడిగినా అది నిబంధనకు విరుద్ధం. కలెక్టరు 30 రోజుల్లో ధ్రువపత్రం ఇవ్వాలి. మైనరు అయితే తల్లిదండ్రులో సంరక్షకులో దరఖాస్తు చేయాలి. ఆ పత్రం చూపించి పదో తరగతి మెమో దగ్గర నుంచి ఆధార్, పాన్, పాస్‌పోర్టు వరకు మార్పించుకోవచ్చు. ఆచరణలో అడ్డుపడేది చాలా చిన్నది: ఆధార్‌కు తండ్రి ఫోను నంబరు ఉంటుంది, ఓటీపీ ఆయనకే వెళుతుంది, ఇంటితో మాటల్లేని బిడ్డ అక్కడే ఆగిపోతుంది. అందుకని ముందుగా ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి, వేలిముద్ర వేసి, సొంత నంబరు ఎక్కించుకోండి. చట్టంలో ఒక లోటు కూడా ఉంది. తాము ఏమిటో తామే నిర్ణయించుకునే హక్కు ఉందని, శస్త్రచికిత్స చేయించుకోమని పట్టుబట్టకూడదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) కేసు తీర్పులో చెప్పింది. 2019 చట్టం మాత్రం స్త్రీ అనో పురుషుడు అనో పత్రం కావాలంటే శస్త్రచికిత్స జరిగినట్లు ఆసుపత్రి సర్టిఫికెట్ తెమ్మంటుంది. ఇది సరికాదని మనం చెబుతూనే ఉండాలి.

శస్త్రచికిత్స మాట వచ్చింది కనుక, 2023 ఫిబ్రవరిలో నెల్లూరులో జరిగినది మరచిపోకూడదు. అక్కడ ఒక లాడ్జి గదిలో ఫార్మసీ విద్యార్థులు ఆపరేషన్ చేయబోయి ఒక మనిషి ప్రాణం తీశారు. లాడ్జి గదిని నమ్ముకోవలసినంతగా ఆసుపత్రి ఎందుకు దూరమైందన్నది అసలు ప్రశ్న. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న హార్మోను మాత్రలను స్నేహితులు చెప్పిన మోతాదులో మింగుతున్న పిల్లలు మన ఊళ్లలోనూ ఉన్నారు. హైదరాబాదు నారాయణగూడలో 2021లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం ‘మిత్ర్’ క్లినిక్ తెరిచారు. అక్కడి సిబ్బందిలోనూ ట్రాన్స్ వ్యక్తులే ఉండేవారు. అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయం నిలిపివేయడంతో ఈ ఏడాది మొదట్లో అది మూతపడి, టాటా ట్రస్ట్స్ సాయంతో ‘సబ్‌రంగ్’ పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఎక్కడో తీసుకున్న ఒక్క నిర్ణయంతో ఇక్కడి మనిషి మందు ఆగిపోయే స్థితి ఉండకూడదు. ఈ వైద్యం జిల్లా ఆసుపత్రిలోనే, ప్రభుత్వ ఖర్చుతో, నిలకడగా అందాలి. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగేటప్పుడు గర్భిణుల వివరాలు ఎంత సహజంగా అడుగుతారో, ఈ మాత్రలు వాడేవారికి రక్తపరీక్ష చేయించుకోమని అంతే సహజంగా చెప్పగలగాలి.

చివరిగా, మనం జిల్లాలో ఇప్పుడు చేయదగిన పని. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో ఉద్యోగం పోగొట్టుకున్న ఒక ఉపాధ్యాయురాలి కేసులో ఈ అక్టోబరు 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం ఉన్నా అమలు చేయని ప్రభుత్వాల అలసత్వాన్ని తప్పుపట్టి, ఆమెకు నష్టపరిహారం ఇవ్వాలంటూ, జిల్లాలలో కలెక్టరు ఆధ్వర్యంలో ట్రాన్స్‌జెండర్ రక్షణ విభాగం ఏర్పాటు చేయాలని ఆదేశించింది. కాబట్టి మనం కలెక్టరు గారిని అడగబోయేది దయ కాదు, కోర్టు ఆదేశం అమలు. మన వినతిపత్రంలో మూడు అంశాలే రాశాం. రక్షణ విభాగంలో ట్రాన్స్ మహిళలతో పాటు ట్రాన్స్ పురుషులకు, వారితో పాటు ఒక తల్లికో తండ్రికో చోటు ఉండాలి. వేసవి శిక్షణ తరగతుల్లో ప్రధానోపాధ్యాయులకు ఈ విషయంపై ఒక పూట కేటాయించాలి, ఆ పూట మాట్లాడేది ట్రాన్స్ వ్యక్తులే కావాలి. జిల్లా ఆసుపత్రిలో నెలకొకసారి తల్లిదండ్రులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఒక గది ఇవ్వాలి. బోర్డు పెట్టవద్దు, పేర్లు రాయవద్దు.

ఆ మూడో అంశం రాయించింది రేషన్ కార్డు పట్టుకొచ్చిన ఆ తల్లే. తనలాంటి ఇంకో తల్లిని ఇంతవరకు చూడలేదని ఆమె అన్నది. ఆ గది వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ప్రతి రెండో శనివారం మధ్యాహ్నం మా కార్యాలయంలో వెనక గది ఖాళీగా ఉంటుంది, ఎవరైనా రావచ్చు, పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు. వినతిపత్రం ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. సంతకం పెట్టేవారు ఊరు, మండలం కూడా రాయండి. సోమవారం ప్రజావాణిలో ఇస్తున్నాం, వీలున్నవారు పదిన్నరకు కలెక్టరేట్ గేటు దగ్గరికి రండి.